అప్‌డేట్: ఒక్క కీ నొక్కగానే కీబోర్డు ఆగిపోయే సమస్య తీరింది

డాస్ (పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్)లో ఇంటరప్ట్ 9కి, అంటే కీ నొక్కినా వదిలినా కీబోర్డు నుంచి ప్రాసెసర్‌కి వచ్చే పిలుపుకి, నేను రాసిన హ్యాండ్లర్ (ఆ పిలుపు రాగానే నడిచే కోడ్) మొదటి కీ తీసుకుని, ఆ తర్వాత దేనికీ స్పందించడం లేదని అడిగాను కదా. కారణం దొరికింది! సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

"చివర్లో పోర్టు 20హెచ్‌కి 20హెచ్ పంపుతున్నారా?" అన్న ప్రశ్నే దారి చూపింది. (హెచ్ అంటే హెక్సాడెసిమల్ సంఖ్య. ఇంటరప్ట్‌లను ప్రాసెసర్‌కి అందించే కంట్రోలర్ చిప్‌కి 'ఈ ఇంటరప్ట్ పని అయిపోయింది' అని చెప్పే సంకేతం ఇది.) పంపుతున్నాను, కానీ కీ నొక్కినప్పుడు మాత్రమే. కీ వదిలినప్పుడు వచ్చే స్కాన్ కోడ్ (ఏ కీ అన్నది చెప్పే సంఖ్య)లో 7వ బిట్ 1గా ఉంటుంది. అది కనబడితే ఆ సంకేతం పంపకుండానే నేరుగా ఐరెట్‌కి (హ్యాండ్లర్ నుంచి వెనక్కి వెళ్లే ఆదేశానికి) దూకేలా రాశాను. దాంతో ఇంటరప్ట్ ముగిసిందని కంట్రోలర్‌కి తెలియక, ఐఆర్‌క్యూ 1 (కీబోర్డు ఇంటరప్ట్ లైను) మళ్లీ రాలేదు. టైమర్ ప్రాధాన్యం కీబోర్డు కన్నా ఎక్కువ కాబట్టి అది నడుస్తూనే ఉంది, అందుకే కంట్రోలర్‌ని అనుమానించలేదు. ఇప్పుడు రెండు దారులూ ఒకే ముగింపుకి వెళ్తున్నాయి.

మిగతా సూచనలు, అంటే స్టాక్ (తాత్కాలిక విలువలు దాచే మెమరీ) పెంచడం, పోర్టు 61హెచ్‌లో బిట్ మార్చడం, నా ఏటీ (ఐబీఎం పీసీ ఏటీ తరహా) మెషీన్‌లో అవసరం పడలేదు.