ఏరు దాటలేని రోజు ఆబ్సెంటేనా? లంక పిల్లల హాజరు మీద చర్చ

లంకవాసి:
మా చెల్లెలు అమలాపురం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. మాది గంటి పెదపూడి రేవు అవతల, గోదారి మధ్యలో ఉన్న లంక. జులైలో గోదారి వశిష్ఠ పాయకి ఎర్రనీరు తగిలిందంటే చాలు, ఏట్లో వేసుకున్న మట్టిబాట కొట్టుకుపోతుంది. అక్కణ్ణుంచి పడవే దిక్కు. వరద ఇంకా పెరిగితే పడవలూ ఆపేస్తారు, ఆపాలి కూడా. పోయిన సెమిస్టర్లో దానికి హాజరు 71 శాతం వచ్చింది. 75 ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్ళకి కండోనేషన్, అంటే ఫీజు కట్టించుకుని ఆ లోటు మాఫీ చెయ్యడం, ఉంది గానీ డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. "జబ్బు కాదు సార్, ఏరు దాటలేకపోయాను" అంటే "రూలు అందరికీ ఒకటేనమ్మా" అని పంపేశారు. చివరికి తెలిసిన డాక్టరుగారి దగ్గర టైఫాయిడ్ అని రాయించుకొచ్చి, ఫీజు కట్టి బయటపడింది. ఫీజు సంగతి మర్చిపోయాం. చదువుకునే పిల్ల చేత అబద్ధం రాయించాల్సొచ్చిందని మా నాన్న ఇప్పటికీ మర్చిపోలేదు.
నేనడిగేది ఒక్కటే. వరదకి దారి తెగిన రోజుల్ని ఆ ఊళ్ళ పిల్లల హాజరు లెక్కలోంచి తీసెయ్యాలా, వద్దా?

అద్దెగది:
వద్దండి. 75 అంటేనే నాలుగో వంతు వదిలేసినట్టు. 90 పనిదినాల్లో 22 రోజులు రాకపోయినా పర్వాలేదు. వరద మహా అయితే పది రోజులు. మా నాన్న ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. రోజూ తిరగలేకే అప్పు చేసి నాకు గది తీసిచ్చాడు. మీకు సడలిస్తే ఆ అప్పు చేసినవాళ్ళ మాటేంటి?

లెక్కల మాస్టారు:
నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. ఇద్దరి మాటా వింటే నాకు ఇంకో దిగులు పట్టుకుంది. రిజిస్టర్లో హాజరు సరిచేసినంత మాత్రాన పోయిన పాఠం వస్తుందా? లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ లాంటి లెక్కల పాఠం మొదలెట్టిన వారం రాలేని పిల్లకి తర్వాత నెలంతా అయోమయమే. అలాంటివాళ్ళు వెనక బెంచీలో తల వంచుకుని రాసుకుపోతుంటారు, ఒక్క డౌటూ అడగరు. హాజరు ఇచ్చేసి చేతులు దులుపుకుంటే అది సాయం అనిపించుకోదండి. ల్యాబ్ అయితే మరీ కష్టం, ఇంట్లో కూర్చుని చేసేది కాదుగా.

స్క్రైబ్‌తో రాసినమ్మాయి:
"రూలు అందరికీ ఒకటే" అన్న మాట దగ్గర ఆగిపోయానండి. నాకు చూపు లేదు, నేను చెబుతుంటే స్క్రైబ్ పరీక్ష రాస్తారు. మూడు గంటల పరీక్షకి నాకు నాలుగు గంటలిస్తారు, గంటకి 20 నిమిషాల చొప్పున. అది ఎక్కువ మార్కులు కొట్టెయ్యడానికి కాదు. ప్రశ్న చదివించుకుని, చెప్పింది రాయించుకుని, మళ్ళీ చదివించుకోడానికే ఆ గంట అయిపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా "నీకేంటి, గంట ఎక్స్‌ట్రా" అన్న క్లాస్‌మేట్లున్నారు. లంక పిల్లలకి దారి ఇవ్వాల్సిందే.
ఒక్క విన్నపం, అలా హాజరు ఇచ్చిన పిల్లల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నా స్క్రైబ్ దరఖాస్తు, మెడికల్ కాగితంతో సహా, క్లాసు గ్రూపులో వచ్చింది. ఆ రోజు క్యాంటీన్‌కి వెళ్ళలేదు నేను.

రంప కుర్రాడు:
మాకు అడ్డొచ్చే ఏరు భాషండి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇక్కడ అంతా ఇంగ్లీషు. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలని, వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. మా కాలేజీలో దానికి బోర్డుంది. మూడేళ్ళలో ఆ తలుపు తీసి ఉండగా నేను చూళ్ళేదు. వరద రోజుల హాజరు కోసం అర్జీ పెడితే, అది వెళ్ళాల్సింది అక్కడికే కదా?

అద్దెగది:
సరే, రుజువేంటి? రేపు అందరికీ లంకలో ఓ మేనత్త పుట్టుకొస్తుంది.

లంకవాసి:
తమ్ముడూ, రుజువు ధవళేశ్వరంలో ఉంది. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఈ లెక్కలు టీవీలో గంటగంటకీ వస్తాయి, ఎవరూ మార్చలేరు. ఆధార్‌లో ఊరి పేరు ఉంటుంది. హెచ్చరిక ఉన్న రోజులూ, ఊరూ కలిపి చూస్తే డాక్టర్ సర్టిఫికెట్ కన్నా గట్టి రుజువు.
నాలుగో వంతు అన్నావు, నిజమే. ఆ 22 రోజులు నీకు జ్వరానికి, అక్క పెళ్ళికి పనికొస్తాయి. మా చెల్లికి సగం గోదారే తీసేసుకుంటుంది. నీళ్ళు తీశాక కూడా పొద్దున్నే పడవ నిండితే గానీ కదలదు, మొదటి పీరియడ్ పోతుంది. మీ నాన్నగారి అప్పు నేను తక్కువ చెయ్యట్లేదు. మా నాన్నకి ఆ అప్పు కూడా పుట్టలేదు.
మాస్టారూ, మీరన్నది నేను ఆలోచించనే లేదు. పోయిన పాఠాలు సెప్టెంబరులో శనివారాలు మళ్ళీ చెబితే? లిస్టూ పేర్లూ లేకుండా, ఎవరైనా వచ్చి కూర్చునేలా. జ్వరమొచ్చిన వాళ్ళూ వస్తారు, ఇంగ్లీషు అందని వాళ్ళూ వస్తారు.

అద్దెగది:
శనివారం క్లాసులైతే నేనూ వస్తాను. హాజరు మాత్రం రెండో హెచ్చరిక నుంచే ఇవ్వాలి అన్నా, మొదటిదానికి ఒప్పుకోను. మొదటిదానికి చాలా ఊళ్ళకి దారి ఉంటుంది.

లంకవాసి:
మా బాట మొదటి హెచ్చరిక కన్నా ముందే పోతుంది తమ్ముడూ. అదే మా గొడవ.

లెక్కల మాస్టారు:
అయితే హెచ్చరిక ఒక్కటే పట్టుకోకండి. మీ రేవులో బాట తెగిన తేదీ, పడవలు ఆపిన తేదీలు కావాలని తహసీల్దారు ఆఫీసులో అడగండి. రాతపూర్వకంగా అడగండి, అర్జీకి జతచెయ్యండి. శనివారం రెండు పీరియడ్లు లెక్కలు నేను చెబుతాను, ఏ కాలేజీ పిల్లలైనా రావచ్చు.