ఫ్రిజ్‌ల వెట్టి తీసిన సాలెపురుగు ఫొటో పోటీకి పంపొచ్చా?

పాఖాల్ బాట: ఒక పోటీల మొదటి బహుమతి వచ్చిన ఫొటో చూసిన. దుంకుడు సాలెపురుగు, ఎనిమిది కండ్లు, ఒక్కొక్క రోమం లెక్కవెట్టొచ్చు. పది నిమిషాలు ఫ్రిజ్‌ల వెట్టిన్నని తీసినాయనే చెప్పిండు. గిది ఫొటోనా, పోస్టుమార్టమా?

హన్మకొండ లెన్స్: పేరు వెట్టకుంటే తెల్వదా అన్నా, అది నాదే. పురుగు అసలు సైజుకు తీస్తే లెన్స్ కన్ను చిన్నగ చేసి ఎఫ్ 11 వెట్టినా ఫోకస్ మిల్లీమీటరు అటిటు. కండ్లు వస్తే కాళ్లు మసక. ఒక్కో కాడ ఫోకస్ వెట్టుకుంట ముప్పై ఫొటోలు తీసి ఒక్కటి చెయ్యాలె, అది దుంకకుంట ఉంటదా? చావలే, తీసినంక కర్టెన్ ఎక్కింది.

నర్సంపేట పిలగాడు: పెరుగు గిన్నె పక్కకు సాలెపురుగా? మా అమ్మ నన్నే బయట వెడ్తది 😂

పాఖాల్ బాట: చలికాలం పొద్దు పొడవకముందు పత్తి చేన్లకు పో తమ్మీ. మంచుకు తడిసిన తూనీగ ఎండ తగిలేదాక కదలదు. నీ ఫ్రిజ్ పని చలే చేస్తది. నేను గట్లనే తీస్త. ఫ్లాషు వెలుగు మెత్తగ వడేటందుకు చిప్స్ డబ్బా, టిష్యూ కాయితం, అంతే.

ఆరుకాళ్లు: ముందుగాల ఒకటి. సాలెపురుగు పురుగే కాదు. పురుగుకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. ఆరుద్ర పురుగు సుత దీని చుట్టమే. తొలకరికి వాటిని అగ్గిపెట్టెల నింపిన మనమా ఫ్రిజ్ గురించి మాట్లాడేది?

హన్మకొండ లెన్స్: నాది రాత్రి డ్యూటీ. ఇల్లు చేరేసరికి ఎండెక్కుతది. మా తులసికోట కాడ దొరికినదాన్నే తీసిన.

పాఖాల్ బాట: తులసికోట మీదికి మద్దిచెట్టు బెరడు ఎట్లొచ్చింది? ఫొటోల కింద కనవడ్తనే ఉంది. నిరుడు వానకాలం బండెక్కించుకొని చెరువుకట్టకు తోల్కపోయి ఆ చెట్టు చూపిచ్చింది ఎవరు?

హన్మకొండ లెన్స్: గిదా అసలు సంగతి? తావు ఎవరికీ చెప్పకు, జనమొచ్చి బెరడు పీకుతరు అన్నది నువ్వే గదనే! అందుకే తులసికోట అన్న.

పాఖాల్ బాట: తావు చెప్పొద్దన్న. నా పేరు చెప్పొద్దన్ననా?

నర్సంపేట పిలగాడు: అయ్యో…

హన్మకొండ లెన్స్: ఫోన్ చేసి తిడితే అయిపోవు. ఇందరి ముందట పోస్టుమార్టం అంటివి.

ఆరుకాళ్లు: ఇంతకు అది ఆడదా మగదా? మగదానికి మూతికి రెండు దిక్కుల బాక్సింగ్ గ్లౌజుల లెక్క ఉబ్బుంటది. పెద్ద సైజుల వెట్టుర్రి.