మళ్లీ నిలబడమంటున్నారు... ఇరవై ఏళ్ల పంచాయతీ, షాపు, ఇల్లు మీరెలా నెట్టుకొచ్చారు?

మందులషాపు_అక్క:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. డి.ఫార్మసీ చేసి 2002 నుంచి ఊళ్లోనే మెడికల్ షాపు నడుపుతున్నాను. 2006లో వార్డు మెంబరునయ్యాను, అదీ ఇష్టపడి కాదు, మా వార్డు మహిళలకి వచ్చింది, చదువుకున్న కోడలు ఉంది కదా అని మామగారే నామినేషన్ వేయించారు. 2013లో సర్పంచ్ సీటు మహిళలకి వచ్చింది, గెలిచాను. 2018లో దిగిపోయాక ఎన్నికలు జరక్క రెండున్నరేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచింది గానీ కుళాయి రాకపోతే జనం వచ్చేది మాత్రం నా కౌంటరు దగ్గరకే. 2021లో మళ్లీ వార్డుకి గెలిచి ఉపసర్పంచ్‌గా ఉన్నాను. ఇప్పుడు ఈ టర్మ్ కూడా అయిపోవచ్చింది, రిజర్వేషన్ ఎటు వస్తుందో తెలియకముందే ఇంటికొచ్చి "ఈసారి మళ్లీ మీరే" అంటున్నారు.

మా ఆయన గవర్నమెంటు టీచరు, ఆయన ప్రచారానికి రాకూడదు, రారు కూడా. బాబు బీటెక్ ఆఖరి సంవత్సరం. అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, మంచం మీదే. మండలంలో మీటింగ్ అంటే షాపు మూయాల్సిందే, ఫార్మసిస్టు లేకుండా కుర్రాడి చేత మందులు ఇప్పించడం చట్టమూ ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. నెలకి అలా నాలుగైదు పూటలు పోతాయి.

అసలు విషయానికి వస్తాను. పోయిన నెల ఒక పెద్దావిడ బీపీ మాత్రలకి వచ్చింది. అప్పుడే పంపు ఆపరేటర్ ఫోన్, మోటారు కాలిందని. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని అతనితో మాట్లాడుతూనే ఆమ్లోడిపిన్ 2.5 బదులు 5 తీసి కవర్లో వేశాను. ఆవిడకి చదువు రాదు. స్ట్రిప్పు బయటికి తీసి అటూ ఇటూ తిప్పి "ఇది నా మాత్ర కాదు అమ్మాయ్, నాది ఈ రంగు కాదు" అంది. మార్చి ఇచ్చేశాను, ఏమీ కాలేదు. కానీ ఇరవై మూడేళ్లలో అలాంటి పొరపాటు ఎప్పుడూ చేయలేదు. ఆ రాత్రి నిద్రపోలేదు.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఇన్నేళ్లు పదవిలో ఉన్నవాళ్లు, వాళ్ల ఇళ్లలో వాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సేవ, అదృష్టం లాంటి మాటలు వద్దు, అవి సన్మానాల్లో చాలా విన్నాను.

నల్గొండ_రైతు:

అక్కా, మాది నల్గొండ దిక్కు. 2013ల ఒకసారి, 2019ల ఒకసారి సర్పంచ్‌గా చేసిన. ఆరెకరాల పొలం, దానికి తోడు ఇన్సూరెన్స్ ఏజెంటు పని. మొదలు ఆ ఏజెంటు పని సంగతే చెప్తా, ఎందుకంటే ఇది ఎవ్వరూ ముందుగాల చెప్పరు. సర్పంచ్ అయితే పరిచయాలు పెరుగుతయి, పాలసీలు పెరుగుతయి అనుకున్న. ఉల్టా అయింది. పాలసీ గురించి నోరు తెరిస్తే "సర్పంచ్ గదా, కట్టకపోతే పని చెయ్యడేమో" అని కొందరు, "కడితే నా ఇంటి పర్మిషన్ చూస్తవా" అని కొందరు. సిగ్గేసి మా ఊళ్లె అడుగుడే బంద్ పెట్టిన. పదేండ్లల్ల నా కమీషన్ సగానికి వచ్చింది.

ఇగ పైసలు. మా దగ్గర నెలకు 5,000 గౌరవ వేతనం ఉండె, 2021ల 6,500 చేసిన్రు. మీ దగ్గర 3,000 అనుకుంట. అది పెట్రోలుకు, పెండ్లిళ్ల కట్నాలకు సాలదు, ఊళ్లె ఏ పెండ్లికైనా సర్పంచ్ చేతిల కవరు లేకపోతే ఎట్ల ఉంటదో మీకు చెప్పేదేముంది. అసలు దెబ్బ అది కాదు. పల్లె ప్రగతి అని సర్కారు కార్యక్రమం పెట్టినప్పుడు వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, నర్సరీ అన్నీ గడువు పెట్టి చేయమన్నరు, పని కాకపోతే నోటీసు. బిల్లు ఎన్కసీరి వస్తది గదా అని మూడు రూపాయల మిత్తికి తెచ్చి పెట్టిన. మా ఇంటామె పుస్తెలతాడు తప్ప అన్నీ బ్యాంకుల పడ్డయి. 2024 ఫిబ్రవరిల దిగిపోయినం, బిల్లులు మాత్రం పెండింగ్‌లనే ఉన్నయి. మొన్న 2025 డిసెంబరు ఎలక్షన్ల పిలిచిన్రు, పోలే.

మీరు నిలబడితే ఒక్కటే మాట, ఊరి పనికి మీ షాపు గల్లాపెట్టెలకెళ్లి రూపాయి తీయకండి. మోటారు కాలినా సరే. పంచాయతీ ఖాతాల పైసలు లేవంటే తీర్మానం రాసి పైకి పంపుండ్రి, రెండు రోజులు తిడతరు, తిట్టనీయండి.

సర్పంచ్‌గారబ్బాయి:

నేను ఇంట్లో వాళ్ల తరఫున. మా నాన్న పశ్చిమ గోదావరిలో 1995 నుంచి 2011 దాకా వార్డు మెంబరు, ఉపసర్పంచ్, సర్పంచ్ అన్నీ చేశారు, పొద్దున్న పది నుంచి సాయంత్రం ఆరు దాకా రైస్ మిల్లులో గుమాస్తా. అంటే ఊళ్లో వాళ్లు ఆయన్ని పట్టుకోవాలంటే తెల్లవారుజామునో రాత్రిపూటో మా ఇంటికే రావాలి. నా చిన్నతనం మొత్తం గేటు గొళ్లెం చప్పుడే అండీ. ఐదింటికి ఒకటి, ఐదున్నరకి ఇంకోటి. నా టెన్త్ లెక్కల పరీక్ష ముందురోజు రాత్రి మా వరండాలో ఒక మొగుడూ పెళ్లాల తగువు పదకొండున్నర దాకా సాగింది, నేను వంటింట్లో గ్యాస్ బండ పక్కన కూర్చుని లెక్కలు చేసుకున్నాను. భోజనాల బల్ల మీద నాన్న కంచం మీద ఎప్పుడూ ఇంకో కంచం బోర్లించే ఉండేది. అమ్మ రోజుకి మూడు లీటర్ల పాలు టీలకే పోసేది, ఆ టీపొడి ఖర్చు ఏ ఆర్థిక సంఘమూ ఇచ్చిన పాపాన పోలేదు.

నాన్న మీద కోపం లేదు. మా ఊరి రక్షిత నీళ్ల ట్యాంకు ఆయన హయాంలోదే, ఇప్పటికీ దాన్ని చూస్తే గొప్పగానే ఉంటుంది. కాకపోతే నేను ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నానో ఆయనకి రెండో సంవత్సరంలో తెలిసింది, అదీ ఎవరో అడిగితే.

ఇంకోటి, మానేశాక ఎలా ఉంటుందో కూడా చెప్తాను. 2011 తర్వాత ఓ ఆరు నెలలు ఆయన పొద్దున్నే ఐదింటికి లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. మధ్యలో ఒకసారి లేచి గేటు గొళ్లెం సరిగా ఉందో లేదో చూసి వచ్చేవారు. చివరికి అమ్మ ఒకరోజు "రండి, చిక్కుడుకాయలు ఈనెలు తీద్దురుగాని" అని పిలిచింది. అలా మొదలై ఇప్పుడు వంటింటి అజమాయిషీ అంతా ఆయనదే.

అందుకని మేడం, మీ బాబుని ఒకసారి అడగండి. "నీకేమనిపిస్తోంది" అని కాదు, అలా అడిగితే మంచిగా చెప్తాడు. "ఏ రోజు నేను ఇంట్లో లేనందుకు నీకు బాధేసింది" అని అడగండి.

పాత_కార్యదర్శి:

అమ్మా, ముప్పై ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. ఎంతోమంది సర్పంచ్‌లని చూశాను, నిలబడాలా వద్దా అన్నది నేను చెప్పను. చెప్పాల్సినవి చెప్తాను.

ముందు మీ షాపు గురించి. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు, కరోనా టైంలో మాస్కులు ఇలాంటివి ఊరికి కావాల్సి వస్తే మీ షాపు నుంచి పంచాయతీకి అమ్మకండి, మీ తమ్ముడి పేరు మీద బిల్లు పెట్టి కూడా అమ్మకండి. పంచాయతీతో కాంట్రాక్టు ఉంటే అనర్హత. ధర తక్కువకే ఇచ్చానమ్మా అంటే ఆడిట్ వాళ్లు వినరు. ఇలా మంచి మనసుతో ఇచ్చి ఇరుక్కున్నవాళ్లని చూశాను.

రెండోది డిజిటల్ కీ, అదే పంచాయతీ చెల్లింపులకి ఆన్‌లైన్‌లో సంతకం పెట్టేది. 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్లకీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని మీకు తెలుసు, ఆ డబ్బు కదిలేది ఆ కీతోనే. చాలామంది అది కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరో ఆఫీసు బీరువాలోనో వదిలేస్తారు. మహిళా సర్పంచ్‌లైతే మరీ, భర్త జేబులో ఉంటుంది. రేపు రికవరీ పడితే నోటీసు వచ్చేది మీ పేరు మీదే. ఎంబీలో (పని కొలతల పుస్తకంలో) కొలత రాయకుండా, మీరు పని చూడకుండా సంతకం పెట్టొద్దు.

ఇక టైం. ఊరికి రోజులో ఒక గంట, పంచాయతీ ఆఫీసులోనే, షాపులో కాదు. కౌంటరు మీద ఫిర్యాదులు తీసుకోవడం మొదలుపెట్టింది మీరే కదా, మాన్పించాల్సింది కూడా మీరే. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి సంగతి వినే ఉంటారు, అక్కడ నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ వేసుకుని ఊరివాళ్లే పనులు పంచుకున్నారు. మన దగ్గర కమిటీ అంటే రిజిస్టరులో పేర్లు రాసి సంతకాలు తీసుకోవడం, అక్కడితో సరి. మీ ఊళ్లో మోటారు కాలితే ఫోను మీకెందుకు రావాలి? ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఉన్నాడు, గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు. 2019లో సచివాలయాలు వచ్చి సర్పంచ్ పని తగ్గించాయని అందరూ గింజుకున్నాం, తగ్గిన పనిని తగ్గనివ్వండి మరి.

నిలబడితే ఖర్చుల లెక్క 45 రోజుల్లో ఇవ్వడం మర్చిపోకండి, ఓడినా ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధన 2024 నవంబరులో తీసేశారు కాబట్టి ఈసారి మీ ఊళ్లో కొత్త ముఖాలు కూడా ఎక్కువే ఉంటాయి, మీరు లేకపోతే ఊరు ఆగిపోతుందనే భయం పెట్టుకోకండి.

చెట్టుకింద_బల్ల:

20 ఏళ్లు చాలదా అక్కా, మాకూ చాన్స్ ఇవ్వండి 😀 సరదాకే అన్నా. కానీ పదవిలో ఒకళ్లే మూడుసార్లు ఉంటే కొత్తవాళ్లకి తీర్మానం ఎలా రాయాలో కూడా తెలియదు. నేను 2021లో గెలిచా, మొదటి ఏడాది మీటింగులో సంతకం పెట్టి టీ తాగి వచ్చేవాణ్ని, ఎవరూ ఏమీ చెప్పలేదు.

మందులషాపు_అక్క:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నల్గొండ అన్నా, గల్లాపెట్టె మాట నేరుగా తగిలింది, 2016లో ఒక బోరు రిపేరుకి ఇచ్చిన పద్దెనిమిది వేలు నాకింకా రాలేదు, మా ఆయనకి ఈ సంగతి ఇవాళ్టికీ తెలియదు. కార్యదర్శిగారూ, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ అమ్మలేదండీ, కానీ కరోనాలో శానిటైజర్ సీసాలు ఊరికే ఇచ్చాను, అది పర్లేదనుకుంటాను. డిజిటల్ కీ సంగతి మా సర్పంచ్ అమ్మాయికి చదివి వినిపిస్తాను, వాళ్ల ఆయన ఏమనుకున్నా సరే. బల్ల తమ్ముడూ, నువ్వన్నది నిజమే, 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కదా, మా ఊళ్లో ఆరోజు పనుల జాబితా మొత్తం నేనే రాశాను, పక్కన కొత్త మెంబర్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఒక్కళ్ల చేతికి పెన్ను ఇవ్వలేదు.

బాబుని ఫోన్లో అడిగాను, మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంసెట్ కౌన్సెలింగ్ రోజు" అన్నాడు. ఆ రోజు నేను జిల్లాలో పంచాయతీ ట్రైనింగులో ఉన్నాననుకున్నాను, డైరీ తీసి చూస్తే ట్రైనింగ్ ముందురోజే అయిపోయింది, ఆ రోజు ఎవరిదో సరిహద్దు గొడవకి వెళ్లాను. వాడికి ఈ విషయం ఇంకా చెప్పలేదు.

నిలబడే సంగతి ఇంకా తేల్చుకోలేదు. రేపు పొద్దున్న కొత్త మోటారు దించుతున్నారు, రమ్మని పంపు ఆపరేటర్ ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. నాకు షాపు ఉంది, ఏఈ గారికి చెప్పు అన్నాను. సరేనన్నాడు గానీ మళ్లీ చేస్తాడు, తెలుసు. కౌంటరు మీద ఫిర్యాదులు రాసుకునే నోట్‌బుక్ మాత్రం ఇవాళే తీసేసి బీరువాలో పెట్టాను.