సమస్య: నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని

నిర్వాహకుడు: మిత్రులకు నమస్కారం. పోయిన ఆదివారం పద్యాల మధ్యలో సినిమా గొడవ మొదలై అర్ధరాత్రి దాకా సాగింది కదా, 2007లో ఆండ్రూ డొమినిక్ తీసిన ‘ది అసాసినేషన్ ఆఫ్ జెస్సీ జేమ్స్ బై ది కవర్డ్ రాబర్ట్ ఫోర్డ్’ (పిరికి రాబర్ట్ ఫోర్డ్ చేతిలో అమెరికా గజదొంగ జెస్సీ జేమ్స్ హత్య) గురించి. సగంమంది అద్భుతమన్నారు. సగంమంది గురక పెట్టామన్నారు. ఆ తగవునే ఈ వారం సమస్య చేశాను.

*నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని*

తేటగీతి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. ప్రాసతో పని లేదు, కాబట్టి కొత్తవాళ్ళు కూడా ధైర్యం చేయవచ్చు. చూసినవారి అభిప్రాయంగా పూరిస్తే సంతోషం. పద్యాలను ఎప్పటిలాగే ఛందోమిత్ర మాస్టారు చూస్తారు.

నూజివీడు రసం: మాస్టారూ, బోణీ నాదే.

రైలు వెలుగులు చెట్లపై రాలుచుండ
కునుకు తీసితి మధ్యలో, గుర్తు లేదు;
వారమైనను కంటిలో వాని చూపు;
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

బ్లూ కట్ దగ్గర రైలు దోపిడీ సీను ఇది. చీకటి అడవి, ముసుగులు కట్టుకుని నిలబడ్డ మనుషులు. దూరం నుంచి ఇంజను దీపం వస్తుంటే చెట్ల నీడలు ఒకదాని మీదొకటి జరుగుతూ పోతాయి. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కి ఆస్కార్ నామినేషన్ ఎందుకొచ్చిందో అక్కడే తెలిసింది. తర్వాత ఓ అరగంట నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

ఛందోమిత్ర: ‘వెలుగులు రాలుచుండ’ అన్నది పద్యానికి ప్రాణం. వెలుగు ఆకులా రాలింది. యతులు నాలుగూ సరిపోయాయి. ఒక్క చిక్కు: ‘వాని చూపు’, ఎవని చూపు? సినిమా తెలిసినవాడికి బ్రాడ్ పిట్ వేసిన జెస్సీ జేమ్స్ అని తెలుస్తుంది, తెలియనివాడికి ‘వాడు’ గాలిలో ఉంటాడు. పూరణ తన కాళ్ళ మీద తాను నిలబడాలి. అయినా అభినందనలు.

కారం కాఫీ: నేను అవతలి పక్షం.

గుఱ్ఱ మురుకదు, తూటాల కొఱత, మాట
నత్త నడకగ సాగును నడుమ నడుమ;
నెట్టులో జను లిట్లన నేల? యెట్లు
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని?

గజదొంగ సినిమా అంటే 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసి పెరిగిన ఇల్లు మాది. గుర్రం, దుమ్ము, తుపాకి, ఇంటర్వెల్. ఇక్కడేమో గడ్డి ఊగుతుంది, మబ్బులు కదులుతాయి, ఒకాయన వెనకనుంచి కథ చదువుతుంటాడు. సుమారు 3 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే వసూళ్ళు అందులో సగమేనట. జనం కాళ్ళతోనే ఓటేశారు.

ఛందోమిత్ర: సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత ఎత్తే, కానీ ‘యెట్లు’ను మూడో పాదం చివర ఆపి నాలుగో పాదం మీదికి తోయడం బాగుంది. ‘నడుమ నడుమ’ మాత్రం పాదం నింపడానికి వేసిన ఊక. సవరణ: ‘నత్త నడకగ సాగును నలిగి నలిగి’. ఆ సినిమాలో మాటలు నిజంగా పళ్ళ మధ్య నలిగే వస్తాయి కదా.

కారం కాఫీ: సవరణకు ధన్యవాదాలు మాస్టారూ. తిట్టు ఇంకా పదునెక్కింది.

నూజివీడు రసం: తూటాల కొరత ఎక్కడుంది కాఫీగారూ? పడకగదిలో ముఠా దొంగలు వుడ్ హైట్, డిక్ లిడిల్ ఎదురెదురుగా నిలబడి తుపాకులు ఖాళీ చేస్తారు, చాలావరకు గోడలకే తగులుతాయి. కొరత గురికి! దొంగల కాల్పులు మన ఊళ్ళో తాగినవాళ్ళ కొట్లాటలా ఉండటం నేను తెర మీద మొదటిసారి చూశాను.

కందగర్భుడు: సమస్యకు కాదు గానీ, కాఫీగారికి ఒక కందం బాకీ ఉన్నాను.

తొందరపడు వారలకున్
సుందర చిత్రంపు సొగసు సోకదు, నిజమే;
మందగమనమే ముదమౌ
విందుగఁ గను వారి కెల్ల, విసుగెట్లొదవున్?

కారం కాఫీ: విందు సరే, వడ్డించడానికే మూడు గంటలైతే?

కందగర్భుడు: మూడు కాదు, 160 నిమిషాలు. అయినా సినిమా పేరులోనే ఎవడు ఎవణ్ణి చంపాడో చెప్పేశారు. ఆ చంపినవాడు పిరికివాడని కూడా చెప్పేశారు. ఇక ‘ఏమవుతుంది’ అని కూర్చుంటే విసుగే. హరికథకు వెళ్ళినవాడెవడైనా లంక కాలుతుందా లేదా అని కంగారు పడతాడా? దాసుగారు ఎలా కాలుస్తారో చూడటానికి వెళ్తాడు.

కారం కాఫీ: దాసుగారు మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తారండీ. డొమినిక్‌గారు నవ్వించరు.

(నిర్వాహకుడి పక్కమాట: ఇది కాఫీగారికి గెలుపే. కందానికి మాత్రం వంక పెట్టలేను.)

పలకా బలపం: గురువుగారూ, మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే కొట్టకండి.

బ్రాడు పిట్టును చూడగా పరుగు తీసి
టీవి ముందర కూర్చుంటి టీ కప్పుతో
రెండు గంటల నలుబది నిముషములకు
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

ఛందోమిత్ర: కొట్టడం ఎందుకు నాయనా, మొదటి పాదం చక్కగా నడిచింది. ‘చూడగాఁ బరుగు’ అంటే ఇంకా బాగుంటుంది, చాదస్తమనుకోకు. రెండో పాదంలో గణభంగం. ‘టీ కప్పుతో’లో ‘ప్పు’ ముందున్న ‘క’ గురువైపోయింది, పైగా ‘తో’ దీర్ఘం. సూర్యగణాలు రెండూ చెడ్డాయి. ‘టీని పట్టి’ అను. మూడో పాదంలో గణాలు సరే, యతి లేదు: ‘రెం’కు ‘ని’ చెల్లదు. ఇలా మార్చవచ్చు: ‘రెండు గంటల పైమాట, రెప్ప వాల’.

పలకా బలపం: కృతజ్ఞతలు గురువుగారూ. కానీ నా నలభై నిమిషాలు ఎటు పోయాయి?

ఛందోమిత్ర: పైమాటలో ఉన్నాయి.

పలకా బలపం: లెక్క తేలలేదండి. మళ్ళీ ప్రయత్నిస్తాను.

అమ్మమ్మ కబుర్లు: నేనా సినిమా చూడలేదు బాబూ. ఇంగ్లీషు సినిమాలు నాకెక్కవు. పాదం బాగుందని రాశాను, మీ షరతుకు సరిపడకపోతే తీసేయండి.

జోల పాడుచు నమ్మమ్మ చూపు నట్టి
కృష్ణు బొమ్మను గాంచుచుఁ గేలు సాచి
కన్ను మూసితి నానాడు; కాల మేగె;
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

ఛందోమిత్ర: అమ్మా, నమస్కారం. ‘కాల మేగె’ అన్న రెండు మాటల్లో డెబ్భై ఏళ్ళు దాటించారు. వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు, వెతకలేదు కూడా.

నిర్వాహకుడు: తీసేయడమా! షరతునే తీసేస్తాను. ఇంతమందిమి ‘చిత్రం’ అంటే సినిమా అనే పట్టుకుని వేలాడుతున్నాం. గోడ మీది బొమ్మ కూడా చిత్రమేనని గుర్తుచేయడానికి సినిమా చూడనివారు రావాల్సి వచ్చింది.

మిస్సోరి తెలుగోడు: అమ్మగారూ, మీ పద్యం చదివి కుర్చీలోంచి లేచాను. నేనుండేది కాన్సస్ సిటీ. జెస్సీ జేమ్స్ చచ్చిపోయిన సెయింట్ జోసెఫ్ ఊరు మాకు గంట దూరం. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మొదట ఉన్న వీధిలోంచి ఎత్తుకొచ్చి వేరేచోట పెట్టారు. గోడలో తూటా చిల్లు చూపిస్తారు. జ్ఞాపకం కోసం జనం గీక్కుని పోయి పోయి దాన్ని పెద్దది చేశారట. మా అబ్బాయి అందులో పిడికిలి పట్టేలా ఉందని నవ్వాడు. నేను మాత్రం తూటా గురించే ఆలోచించి వచ్చేశాను, పటం సంగతి నాకు తట్టనే లేదు. ఇదిగో:

పటపు దుమ్మును దులుపగా బల్ల నెక్కె;
గాజులో నొక నీడను గాంచె నతఁడు;
వెనుక నిలిచిన మిత్రుండె పేల్చ, తుదకు
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

ఛందోమిత్ర: ఆగండి. ఒకటికి రెండుసార్లు చదవనివ్వండి.

కందగర్భుడు: ఎక్కింది కుర్చీ కదండీ?

మిస్సోరి తెలుగోడు: కుర్చీయే. యతి కోసం బల్ల ఎక్కించాను.

కారం కాఫీ: నేను ఒక అడ్డుపుల్ల వేస్తాను. నిదుర పుచ్చింది తుపాకి. పేల్చింది బాబ్ ఫోర్డ్, అంటే ఆ రాబర్టే. మధ్యలో పటం ఏం చేసింది పాపం?

మిస్సోరి తెలుగోడు: అదే చెప్తాను వినండి. 1882 ఏప్రిల్ 3. అప్పటికి జెస్సీ థామస్ హోవర్డ్ అనే దొంగపేరుతో అద్దెకుంటున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ఫోర్డ్ అన్నదమ్ములు. ఉక్కగా ఉందని కోటు విప్పాడు. తలుపు తెరిచి ఉంది, దారినపోయేవాళ్ళు చూస్తారని తుపాకుల పట్టీ కూడా విప్పి పక్కన పెట్టాడు. పదహారేళ్ళు పోలీసులకు దొరకనివాడు, నిద్రలో కూడా తుపాకి వదలనివాడు, గోడ మీది పటానికి దుమ్ము పట్టిందని వీపు తిప్పాడు. సినిమాలోనైతే ఆ పటం అద్దంలో బాబ్ తుపాకి ఎత్తడం అతనికి కనిపిస్తుంది. కనిపించినా తిరగడు. ఆ తుపాకి కూడా తాను బాబ్‌కి బహుమతిగా ఇచ్చిందే. ఇప్పుడు చెప్పండి కాఫీగారూ, నిదుర పుచ్చింది ఎవరు?

కారం కాఫీ: సరే, పటమే. ఆ సీను వచ్చేసరికి నేను నిద్రపోయి ఉంటాను.

నూజివీడు రసం: అయ్యో! దానికోసమే కదండీ అంతసేపు మబ్బులు చూపించింది. అతను పటం ముందు నిలబడి ‘దుమ్ము పట్టిందే’ అన్నప్పుడు నా గుండె ఆగింది. వేగంగా తీసుంటే అది కాల్పుల సీను అయ్యేది. నిదానంగా తీశారు కాబట్టి ఇల్లు సర్దుకునే మనిషి చావు అయింది.

ఛందోమిత్ర: చదివాను. ‘పేల్చ, తుదకు’ దగ్గర అన్వయం చూడండి. పేల్చినవాడు మిత్రుడు, పుచ్చినది చిత్రం, కర్తలు రెండయ్యారు. వ్యాకరణంగా కొంచెం ఇరుకే. కానీ ఆ ఇరుకే ఇక్కడ అర్థం కూడా: చంపింది స్నేహితుడా, పటమా, లేక తిరగకుండా నిలబడ్డ తానేనా? సవరించబోయి చేయి వెనక్కి తీసుకున్నాను. ‘గాజులో నొక నీడ’ అనడం, నీడ ఎవరిదో మూడో పాదం దాకా దాచడం బాగా కుదిరింది.

కందగర్భుడు: చిత్రానికి మూడో అర్థం కూడా ఉందిగా, ఫొటో! నేనెందుకు వదులుతాను.

పలకఁ గట్టిరి శవమును పటము దీయ;
రెండు డాలర్ల కమ్మిరి ప్రింటు లెన్నొ;
చంపినాతని గేలితోఁ జంపి రవల;
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

శవం ఫొటో కాపీ రెండు డాలర్లని సినిమాలో కథ చెప్పే గొంతు అంటుంది. దొంగ బొమ్మ ఇంటింటికీ చేరింది. దొంగను చంపినవాడేమో నాటకాల వేదికెక్కి అదే హత్యను మళ్ళీ మళ్ళీ ఆడాడు, సినిమా లెక్కన ఎనిమిది వందల సార్లకు పైగా. అన్న చార్లీ జెస్సీ వేషం, తమ్ముడు తన వేషమే. మొదట చప్పట్లు, తర్వాత ‘పిరికిపంద’ అని కేకలు. చార్లీ 1884లో తనను తానే కాల్చుకున్నాడు. బాబ్‌ను 1892 జూన్ 8న కొలరాడోలోని క్రీడ్ ఊళ్ళో అతని సొంత సెలూన్‌లోనే కాల్చి చంపారు.

ఛందోమిత్ర: రెండో పాదంలో ‘రెం’కు ‘ప్రిం’లోని రేఫతో యతి చెల్లించడం గడుసుతనం. మూడో పాదం నాకు బాగా నచ్చింది. అయితే నాలుగో పాదంతో అతుకు సరిగా కుదరలేదు. ఆ చిత్రం ఎవరినీ నిదుర పుచ్చలేదు, నిదుర పుచ్చబడినవాడి చిత్రం అది. ‘పుచ్చిన’ను అంత దూరం లాగితే తెగుతుంది. మిస్సోరి వారి పటం ఆ పని నిజంగా చేసింది, మీ ఫొటో చేయలేదు.

కందగర్భుడు: ఒప్పుకున్నాను మాస్టారూ. కందమే రాసుకుంటాను.

కారం కాఫీ: నాకొకటి తోస్తోంది, పద్యం కాదు. కేసీ అఫ్లెక్ వేసిన ఆ బాబ్ మొదటి సగమంతా అభిమాని కదా. మంచం కింద పెట్టెలో జెస్సీ మీద వచ్చిన చవక పుస్తకాలు దాచుకుంటాడు. ఆ పుస్తకాల్లో గుర్రం పరుగెత్తుతుంది, తూటాలకు కొరత ఉండదు. దగ్గరికెళ్ళి చూస్తే నడుం నొప్పి, అనుమానం, పిల్లలతో ఆటలు. అంటే వాడికీ నాకూ కలిగింది ఒకే ఆశాభంగమా?

నూజివీడు రసం: మీరు కూడా కాల్చేశారుగా, మొదటి పద్యంతో.

కారం కాఫీ: ఈ రాత్రికి మళ్ళీ పెడతాను. కాఫీ ఫ్లాస్కు నిండా పెట్టుకుని. పడుకుంటే మాత్రం నా పద్యం వెనక్కి తీసుకోను.

నిర్వాహకుడు: ఫలితం. మనసుకు అమ్మమ్మగారి జోల, తగవుకు మిస్సోరి వారి పటం. ఒకటే ఎంచమంటే పటమే ఎంచుతాను, ఎందుకంటే సినిమా చూసినవాళ్ళం అందరం ఆ గోడ వైపు చూస్తూనే ఉన్నాం, చిత్రం అన్న మాట అక్కడ వేలాడుతోందని ఎవరికీ తట్టలేదు. అమ్మగారు సినిమా చూడలేదు కాబట్టి చెప్తున్నాను: ఆ సినిమాలో కృష్ణుడి బొమ్మ లేదండి.

పలకా బలపం: గురువుగారూ, నా నలభై నిమిషాలు దొరికాయి!

బ్రాడు పిట్టును చూడగాఁ బరుగు తీసి
టీవి ముందర కూర్చుంటి టీని పట్టి
నూటయరువది నిముషముల్ నోరు దెఱచి;
నిదుర పుచ్చిన చిత్రమే నిలిచె మదిని.

ఛందోమిత్ర: ‘నూ’కు ‘నో’ యతి! గణాలు సరి, లెక్క సరి. ఇంతకీ నాయనా, నోరు తెరిచింది ఆశ్చర్యంతోనా, నిద్రలోనా?

పలకా బలపం: బ్లూ కట్ దాకా ఆశ్చర్యంతో గురువుగారూ. తర్వాత మా ఆవిడ ఫొటో తీసింది, చూపించను.