లిస్బన్‌లో టుక్‌టుక్ టూర్: అమ్మ మోకాళ్లకు సరిపడుతుందా?

వచ్చే నెల అమ్మానాన్నలతో లిస్బన్ వెళ్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి. అల్ఫామా పేటేమో అంతా ఎత్తుపల్లాలు, మెట్లు, అరిగి నున్నబడ్డ రాళ్లు పరిచిన సందులు. 1755 భూకంపంలో ఊరు చాలావరకు కూలినా ఆ పేట నిలబడిందని చదివినప్పటి నుంచి, అది చూడాల్సిందేనని నాన్న పట్టు. 28వ నంబర్ ట్రామ్ ఎక్కుదామంటే విపరీతమైన రద్దీ అట. అందుకే గైడే నడిపే టుక్‌టుక్ అనుకుంటున్నాం. చూస్తే మన ఆటోయే, బ్యాటరీది!

వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. డబ్బులు మనిషికా, బండికా? బేరం ఆడొచ్చా? సెన్యోరా దు మోంట్ కొండ మీది వ్యూపాయింట్ దాకా బండి వెళ్తుందా, కొంత నడవాలా? కేథడ్రల్ దగ్గర దిగి చూసొచ్చేదాకా ఆగుతారా? అసలు టెన్షన్ వేరే ఉంది: ఆ రాళ్ల మీద కుదుపులకు మోకాళ్ల సంగతి పక్కనపెట్టి అమ్మకు నడుము పట్టేయదు కదా?