పీఈ (వ్యాయామం) టీచర్‌తో గొడవ: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి కొత్తగా వచ్చాం, సలహా కావాలి

అన్నలకూ అక్కలకూ నమస్తే. విజయవాడ నుంచి వచ్చి మూడు నెలలైంది. మావాడు 9వ తరగతి, పబ్లిక్ స్కూలు, అంటే ఇక్కడి ప్రభుత్వ బడి. అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్ పాడై పీఈ డ్రెస్ ఉతకలేదు. మామూలు బట్టల్లో వెళ్తే టీచర్ మార్కులు కోశారట. వీడు గొంతు పెంచి, బంతి నేలకేసి కొట్టాడు. రేపు వైస్ ప్రిన్సిపాల్ రమ్మన్నారు, సస్పెన్షన్ అంటున్నారు. వెళ్లి కాళ్లావేళ్లా పడి వచ్చేయమంటారా?

తమ్ముడూ, కంగారుపడకు. వాడి బదులు నువ్వు మాత్రం క్షమాపణ చెప్పకు. ఆ పని నేను చేశాను. మా పెద్దాడికి ఇలాగే పీఈలో మాటామాటా పెరిగితే, ఊళ్లో డ్రిల్ మాస్టారి ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని "తప్పు మావాడిదే సార్" అనేశాను. ఏం జరిగిందిరా అని ఒక్క మాట అడగలేదు. కారులో ఇంటిదాకా వాడు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి సాక్సు తీస్తే చీలమండ ఉబ్బిపోయి, సాక్సు అంచు దిగిన చోట ఎర్రగా గాడి. పరిగెత్తనన్నది పొగరుతో కాదు, నొప్పితో. ఆ గాడి నాకింకా కళ్లముందే ఉంది.

అత్యవసరమైతే తప్ప, పబ్లిక్ స్కూలు పిల్లాణ్ణి సస్పెండ్ చేసేముందు వాడి మాట వినాలి. 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది అదే: 10 రోజుల లోపు సస్పెన్షనైనా సరే, ఆరోపణ ఏమిటో చెప్పాలి, వాడు కాదంటే ఆధారం వివరించాలి, తన వైపు చెప్పుకోనివ్వాలి. పైగా కాలిఫోర్నియాలో, ఎదురుతిరిగాడన్న ఒక్క కారణంతో స్కూలు నుంచి సస్పెండ్ చేయడం 2024 జులై 1 నుంచి హైస్కూల్లోనూ కుదరదు. టీచర్ తన క్లాసు నుంచి ఆ రోజూ మర్నాడూ బయట ఉంచొచ్చు, అంతే. కాబట్టి ఏ కారణం కింద అంటున్నారో రేపు ముందు అదే అడుగు, కాగితం మీద ఇమ్మను.

పిల్లాడి చేతిలో లేని కారణంతో పీఈ డ్రెస్ వేసుకోలేకపోతే గ్రేడు తగ్గించకూడదని కాలిఫోర్నియా విద్యా చట్టం (ఎడ్యుకేషన్ కోడ్) సెక్షన్ 49066లోనే ఉంది. మెషిన్ గురించి అపార్ట్‌మెంట్ ఆఫీసు ఈమెయిల్ ఏదైనా ఉంటే పట్టుకెళ్లు.

అరిచినందుకు, బంతి కొట్టినందుకు మాత్రం వాడే టీచర్ ముఖం చూసి సారీ చెప్పాలి. మనం తల వంచుకోవడం మర్యాద అని నేర్పాం, ఇక్కడ కొందరికి అది తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఈ రాత్రే కూర్చోబెట్టి జరిగింది వాడిచేతే రాయించు, తెలుగులోనైనా సరే. నువ్వు దిద్దకు.

అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇంగ్లిష్‌లో తడబడతామనిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఇప్పుడే ఈమెయిల్ పెట్టండి. ఖర్చు స్కూలుదే. మీవాడిచేత మాత్రం అనువాదం చేయించకండి, తన మీది ఫిర్యాదు తనే మీకు చెప్పాల్సి రావడం ఏ పిల్లాడికైనా నరకం.

అక్కా, రాయించాను. ఒకటిన్నర పేజీ రాశాడు. ముందురోజు రాత్రి మేం పడుకున్నాక బాత్రూంలో బకెట్‌లో తనే ఉతుక్కున్నాడట. పొద్దుటికి ఆరలేదు. తడి డ్రెస్ కవర్లో పెట్టుకెళ్లి చూపించబోతే సాకులొద్దన్నారట. బ్యాగు తెరిచి చూశాను, ముక్కిపోయిన వాసన వేస్తూ ఆ కవరు అడుగున అలాగే ఉంది. రేపు దాన్నీ పట్టుకెళ్తున్నాం.