జర్మనీలోని ఫోల్క్‌లింగెన్ పాత ఉక్కు కర్మాగారం (ఇప్పుడు మ్యూజియం) ఆదివారం యాత్ర: పనుల చర్చ

ప్రయాణాలు: కైజర్స్‌లౌటర్న్ నుంచి ఆర్‌ఈ 1 అనే ప్రాంతీయ రైలు నేరుగా ఫోల్క్‌లింగెన్ వెళ్తుంది. స్టేషన్ నుంచి కర్మాగారానికి నడకే. ఒక్కో రైన్‌లాండ్-ఫాల్ట్స్ టికెట్టు (ప్రాంతీయ రైళ్లకు ఒకరోజు గ్రూప్ టికెట్టు) మీద ఐదుగురు. డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ పాసు) ఉన్నవాళ్లనూ, ఆరేళ్ల లోపు పిల్లల్నీ ఆ లెక్కలో కలపకండి. టికెట్టు మీద పేర్లు రైలెక్కే ముందే రాయాలి. తొందరపడి ఐసీఈ (దూరప్రాంతాల వేగ రైలు) ఎక్కితే ఈ టికెట్టు చెల్లదు.

గైడ్ బృందం: పరిచయ పత్రం రాసిన అక్కా, రెండు చోట్ల మార్చాలండి. ఒకటి, కర్మాగారం ఎవరు, ఎప్పుడు పెట్టారన్నది: 1873లో యూలియుస్ బుఖ్ పెట్టిన కర్మాగారం ఆరేళ్లకే మూతపడింది. 1881లో దాన్ని కొన్నది కార్ల్ రోష్లింగ్. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసే కొలిమి) 1883లో వెలిగింది. రెండోది, "రోష్లింగ్ కుటుంబం ఊరిని నిలబెట్టింది" అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ 12,000 మందికి పైగా వెట్టి కార్మికులుండేవారు. యుద్ధం తర్వాత, అప్పట్లో కర్మాగారం నడిపిన కార్ల్ కొడుకు హెర్మన్ రోష్లింగ్‌కి ఫ్రెంచి సైనిక న్యాయస్థానం జైలుశిక్ష వేసింది. సింటర్ ప్లాంటులో (పొడి ఖనిజాన్ని కాల్చి గడ్డకట్టించే చోట) ఆ కార్మికుల స్మారకం ఉంది, అక్కడ గ్రూప్ ఫొటోలు వద్దు.

నడిచే వరస ముడిసరుకు వెళ్లిన దారే: ముందు ఖనిజం నిల్వచేసే మ్యోలర్ హాల్, తర్వాత సింటర్ ప్లాంటు, 27 మీటర్ల ఎత్తున ఫర్నేసుల్లోకి సరుకు పోసే వేదిక గిష్ట్‌బ్యూనె, చివర ఫర్నేసులకు గాలి ఊదే ఇంజన్లున్న బ్లోయర్ హాల్. పైన వేలాడే తొట్లలో కోక్ (బొగ్గును కాల్చి చేసిన ఇంధనం), ఖనిజం వచ్చేవి, కార్మికులు వాటిని ఫర్నేసులో ఒంపేవారు. విశాఖ ఉక్కులో పనిచేసిన పెద్దలు వస్తున్నారు కాబట్టి అక్కడి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసులకు కన్వేయర్ మీద సరుకు ఎక్కే పద్ధతితో పోల్చమని వాళ్లనే అడగండి, మనకంటే బాగా చెప్తారు.

బ్లోయర్ హాల్ దగ్గర పిల్లలు విసుక్కుంటారు. ఇంజన్ల పెద్ద చక్రం సైజు చెప్పి సరిపెట్టొద్దు. ఫర్నేసు నుంచి వచ్చిన గ్యాసే ఈ ఇంజన్లను తిప్పేది, ఇంజన్లు తిరిగి ఫర్నేసుకే గాలి ఊదేవి. గ్యాసులో దుమ్ము మిగిలితే సిలిండర్లు అరిగిపోతాయి, అందుకే 1911లో గ్యాసును గుడ్డ సంచుల్లోంచి వడగట్టే పద్ధతి పెట్టారు. ఇది చెప్తే వింటారు.

వంటలు: 40 మందికి పులిహోరకి 3 కిలోల బియ్యం, 400 గ్రాముల చింతపండు. అన్నం పూర్తిగా ఆరాకే పులుసు కలపండి, వేడిమీద మూతపెడితే చెమ్మపట్టి మధ్యాహ్నానికి పాడవుతుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు, నీళ్లు, పెరుగు శనివారమే కొనాలి.

ప్రశ్న: చంటిపిల్లల బండి తీసుకురావొచ్చా అన్నా?

గైడ్ బృందం: కింది హాళ్ల వరకే. 45 మీటర్ల వ్యూ పాయింటుకి మెట్లే గతి, నేల ఇనుప జాలీ. చంటిబిడ్డను క్యారియర్‌లో వేసుకోండి. హీల్స్ వద్దు, జాలీలో దిగబడతాయి. వాన పడితే పైకి వెళ్లం, ముందు బ్లోయర్ హాల్ చూసేస్తాం.